నీళ్లలో ఫ్లోరైడ్ వద్దంటారు, పేస్టులో కావాలంటారు: రెండూ ఎలా నిజం?

ఫ్లోరైడ్ అంటే ఏమిటో నల్లగొండ జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. మునుగోడు, మర్రిగూడ వైపు ఊళ్లలో గార పట్టిన పళ్లు, వంగిపోయిన నడుములు, వంకర తిరిగిన కాళ్లు చూస్తూ పెరిగినవాళ్లు ఎందరో ఉన్నారు. అలాంటి ఇంటి తల్లితో దంతవైద్యుడు "పాపకు ఫ్లోరైడ్ ఉన్న పేస్టే వాడండమ్మా" అంటే, "ఆ ఫ్లోరైడే కదండీ మా వాళ్లను అవిటి చేసింది?" అని ఆమె అడిగి తీరుతుంది. అడగాల్సిన ప్రశ్నే. "పేస్టులో ఉండేది వేరే ఫ్లోరైడ్ లెండి" అని కొందరు సర్దిచెబుతారు గానీ ఆ జవాబు తప్పు. నోట్లో చేరి పనిచేసేటప్పటికి అదీ ఇదీ ఒకటే. అది ఎంత మోతాదులో, ఏ వయసులో, కడుపులోంచి వచ్చి పన్ను చేరుతోందా లేక పైనుంచి తగులుతోందా అన్నదే తేలాల్సిన విషయం.

పైనుంచి తగిలినప్పుడు ఏం జరుగుతుందో ముందు చూద్దాం.

పంటి మీద కనిపించే తెల్లటి గట్టి పొర ఎనామిల్. అందులో నూటికి 95 పాళ్లకు పైగా కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన ఖనిజమే. తిన్న ప్రతిసారీ పంటి మీది పాచిలో ఉండే బాక్టీరియా చక్కెరను, పిండిపదార్థాన్ని ఆమ్లంగా మారుస్తుంది. నోట్లో పిహెచ్ (పులుపును కొలిచే అంకె; అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 కన్నా కిందికి దిగితే ఎనామిల్‌లోంచి ఖనిజం కరిగి బయటికి రావడం మొదలవుతుంది. చక్కెర తగిలిన కొద్ది నిమిషాలకే ఈ పతనం ఉంటుంది. లాలాజలం దాన్ని మళ్లీ పైకి లాగడానికి అరగంట నుంచి గంట దాకా పడుతుంది. పైకి వచ్చాక కరిగిపోయిన ఖనిజంలో కొంత తిరిగి పంటిలో చేరుతుంది. పోవడం, చేరడం రోజంతా నడుస్తూనే ఉంటాయి. పోయేది ఎక్కువై చేరేది తక్కువైన చోట పన్ను పుచ్చుతుంది.

అందుకే ఎంత తీపి తిన్నామన్నది ఒక లెక్కయితే, ఎన్నిసార్లు తిన్నామన్నది అంతకన్నా పెద్ద లెక్క. భోజనం చివర ఒక మైసూర్‌పాకు తిని ఊరుకున్నవాడికన్నా, ఉదయం నుంచి సాయంత్రం దాకా ఐదుసార్లు చక్కెర టీ, నడుమ రెండు బిస్కెట్లు తీసుకునేవాడి పళ్లకే ముప్పు ఎక్కువ. అతని పళ్లకు కోలుకునే వ్యవధే దొరకదు.

ఈ జమాఖర్చుల్లోకి ఫ్లోరైడ్ జమ వైపు నుంచి వస్తుంది. లాలాజలంలో, పాచిలో కాస్త ఫ్లోరైడ్ ఉంటే బయటికి పోయిన కాల్షియం, ఫాస్ఫేట్ తిరిగి పంటిలో చేరడం వేగంగా జరుగుతుంది. అలా కొత్తగా ఏర్పడిన పొర ఫ్లోరైడ్‌ను కలుపుకుని ఉంటుంది కాబట్టి పాతదానికన్నా మొండిది. దాన్ని కరిగించాలంటే పిహెచ్ ఇంచుమించు 4.5కు దిగాలి. ఇందుకు కావలసింది అతి కొద్ది ఫ్లోరైడే. అది రోజుకు రెండుసార్లయినా పంటి పైపొరకు తగలాలి, తగిలాక కొంతసేపు అక్కడే ఉండాలి. మింగనక్కర్లేదు. మింగితే బలమైన పళ్లు వస్తాయని ఒకప్పుడు దంతవైద్యులే గట్టిగా నమ్మారు. ఫ్లోరైడ్ మేలు ఎక్కువభాగం పైనుంచి తగలడం వల్లేనని తర్వాత తేలింది.

ఆ పాత నమ్మకం ఎక్కడ పుట్టిందో తెలిస్తే నల్లగొండ చిక్కు కూడా కొంత విడుతుంది. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెట్టిన ఫ్రెడరిక్ మెక్కే అనే దంతవైద్యుడికి, ఆ ఊళ్లో పుట్టి పెరిగిన వాళ్ల పళ్ల మీద గోధుమరంగు మరకలు కనిపించాయి. విచిత్రమేమిటంటే ఆ మరకల పళ్లు తేలిగ్గా పుచ్చేవి కావు. కారణం నీళ్లలోని ఫ్లోరైడ్ అని 1931లో గానీ తేలలేదు. తేల్చిందీ వైద్యుడు కాదు, ఒక అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రవేత్త చర్చిల్. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వ దంతవైద్యుడు ట్రెండ్లీ డీన్ ఊరూరి నీళ్లనూ పళ్లనూ పోల్చి, లీటరుకు 1 మిల్లీగ్రాము దగ్గర మరకలు పెద్దగా రావని, పుచ్చు మాత్రం తగ్గుతుందని చూపించాడు. 1945లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ నగరం తాగునీటిలో ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టింది. మన దగ్గర కథ ఎదురు నడిచింది. 1937లోనే మద్రాసు ప్రెసిడెన్సీలోని అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయిన మనుషుల గురించి వైద్య పత్రికల్లో రాశారు. వాళ్లు నీళ్లలో కలపాలా అని ఆలోచిస్తే, మనం నీళ్లలోంచి ఎలా తీయాలా అని తల పట్టుకున్నాం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించింది. దానికి ప్రపంచమంతా వాడే పేరే నల్లగొండ టెక్నిక్.

లోపలి నుంచి వస్తే

పన్ను చిగురు చీల్చుకుని బయటికి రావడానికి ఏళ్ల ముందే దవడ ఎముకలో తయారవుతూ ఉంటుంది. శాశ్వత పళ్లలో ముందు పళ్ల ఎనామిల్ పని మూడో ఏడు నిండేలోపు కీలక దశ దాటుతుంది. జ్ఞానదంతం వదిలేస్తే మిగతావన్నీ ఎనిమిదో ఏటికి దాదాపు పూర్తవుతాయి. ఆ కాలంలో రక్తంలో ఫ్లోరైడ్ మోతాదు మించితే ఎనామిల్‌ను పేర్చే కణాల పని చెడుతుంది. పొర పక్వానికి వచ్చేటప్పుడు బయటికి పోవాల్సిన ప్రొటీన్ లోపలే ఉండిపోతుంది. ఫలితంగా ఎనామిల్ గట్టిగా కుదురుకోకుండా సన్నటి రంధ్రాలతో మిగులుతుంది. ఇదే డెంటల్ ఫ్లోరోసిస్.

పన్ను గోధుమరంగుతో పుట్టదు. సుద్దలాంటి తెల్లటి చారలతో, మచ్చలతో వస్తుంది. బయటికి వచ్చాక ఆ రంధ్రాల్లోకి టీ, కూర, నీటిలోని ఇనుము ఇంకి ఏళ్ల తరబడి రంగు దిగుతుంది. ఏడేళ్లప్పుడు బాగానే ఉన్న పళ్లు పదిహేనేళ్లకు పచ్చబడ్డాయని తల్లిదండ్రులు అనుకోవడానికి ఇదే కారణం. నష్టం మాత్రం పాపకు రెండేళ్లప్పుడే జరిగిపోయింది. తీవ్రంగా ఉంటే ఎనామిల్ పెళుసుబారి గుంటలు పడుతుంది. ఫ్లోరోసిస్ ఉంటే పళ్లు పుచ్చవన్నది తేలికపాటి చారల మటుకే నిజం. గుంటలు పడ్డ పన్ను మామూలు పన్నులాగే, ఒక్కోసారి అంతకన్నా త్వరగా పుచ్చుతుంది.

ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు ఏ పేస్టు వాడినా కొత్తగా డెంటల్ ఫ్లోరోసిస్ రాదు. ఎనామిల్ తయారీ ముగిశాక దాన్ని చెడగొట్టేందుకు ఏమీ మిగలదు. ఎముకల ఫ్లోరోసిస్ వేరే సంగతి. అది అధిక ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్లకేళ్లు తాగడం వల్ల ఏ వయసులోనైనా వస్తుంది. కాల్షియం తక్కువ తినేవాళ్లలో మరింత తీవ్రంగా ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం

పేస్టులో ఫ్లోరైడ్ ఎంతో పిపిఎం (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లు) అనే లెక్కలో చెబుతారు. 1000 పిపిఎం అంటే గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్. టీవీ ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ పొడవునా మెలికలు తిప్పి పిండితే ఇంచుమించు గ్రాము పడుతుంది. బఠాణీ గింజంత పావు గ్రాము. బియ్యపు గింజంత, అంటే కుంచెల మీద సన్నగా పూసినంత, గ్రాములో పదో వంతు.

ఇప్పుడు రెండున్నరేళ్ల పాపను తీసుకుందాం. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగుడుకూ వంటకూ కలిపి రోజుకు లీటరు ఆమె ఒంట్లోకి వెళితే 3 మిల్లీగ్రాములు. అదే పాప బియ్యపు గింజంత పేస్టుతో రెండు పూటలా తోమించుకుని ఉమ్మకుండా మొత్తం మింగేసినా 0.2 మిల్లీగ్రాములు. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు అన్నిటి నుంచీ కలిపి రోజుకు 1.3 మిల్లీగ్రాములు దాటకూడదని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1997లో గీత గీసింది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకు 2.2. ఆ నీళ్లు ఒక్కటే గీతను రెండింతలు దాటిస్తే, కొలిచి వేసిన పేస్టు దాని దరిదాపుల్లోకి కూడా రాదు.

ఇదే లెక్కకు రెండో వైపు కూడా ఉంది. తీపి వాసన వచ్చే పేస్టును పాపకే వదిలేసి, బ్రష్ నిండా రెండు పూటలా పిండుకుని సగం మింగే అలవాటు చేస్తే 1 మిల్లీగ్రాము లోపలికి పోయినట్టే. శుభ్రమైన నీళ్లున్న హైదరాబాద్ ఇంట్లోనూ, పైపు నీళ్లకు ఫ్లోరైడ్ కలిపే అమెరికా నగరాల్లోని మన వాళ్ల ఇళ్లలోనూ పిల్లల ముందు పళ్ల మీద సన్నటి తెల్ల చారలు కనిపించడానికి తరచూ ఇదే కారణం. పేస్టు అపాయం పేస్టులో కన్నా పిండే చేతిలో ఎక్కువ.

కాబట్టి నీళ్లు బాగాలేని చోట మొదట మార్చాల్సింది నీళ్లు. ఆరేళ్లలోపు పిల్లలకు అలాంటి ఊళ్లలో ఫ్లోరైడ్ లేని పేస్టు ఇమ్మని చెప్పే దంతవైద్యులూ ఉన్నారు. నీళ్లు మారేదాకా, పుచ్చు అసలే లేని పిల్లలకు అది సమంజసమే. అప్పటికే పాలపళ్లు నల్లబడి పుచ్చుతున్న పిల్లలకు మాత్రం బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టు మానిపించడం మేలు కన్నా కీడే చేస్తుందని మా అభిప్రాయం.

వాట్సాప్‌లో తిరిగే ఇంకో భయం: ఫ్లోరైడ్ తెలివితేటలను తగ్గిస్తుందని. దీనికి ఊతమిచ్చినవాటిలో ఒకటి 2024లో అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రాం ఇచ్చిన సమీక్ష. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీళ్లు తాగే పిల్లల్లో ఐక్యూ తక్కువగా ఉండటాన్ని అది గుర్తించింది. అది నీళ్ల సంగతి, ఉమ్మేసే పేస్టు సంగతి కాదు. బోరు నీళ్లు మానడానికి మాత్రం ఇంకో కారణం దొరికినట్టే.

నీళ్లను ఎలా చూసుకోవాలి

మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు. ఆర్‌వో మెకానిక్ జేబులో పెట్టుకు తిరిగే టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఒక అంకె చూపిస్తుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు. కాబట్టి పరీక్షకు ఇచ్చేటప్పుడు "ఫ్లోరైడ్ చూడండి" అని పేరు పెట్టి అడగాలి. ఒకే ఊళ్లో పక్కపక్క బోర్లకే తేడా ఉంటుంది కాబట్టి పక్కింటివాళ్ల రిపోర్టు మనకు పనికిరాదు.

కాచితే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలినదాంట్లో చిక్కనవుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ, రాగి బిందె, ఇవేవీ దాన్ని తీయవు. ఆర్‌వో తీస్తుంది, కానీ మెంబ్రేన్ (లోపల వడపోసే పొర) అరిగినా పని చేస్తున్నట్టే కనబడుతుంది కనుక ఏడాదికోసారి బయటికి వచ్చే నీళ్లను కూడా పరీక్షించాలి. మిషన్ భగీరథ నల్లా వచ్చిన ఇంట్లో ఆ నీళ్లు తాగడానికి వాడుకుని, వంటకు మాత్రం అలవాటు కొద్దీ బోరు నీళ్లు పోస్తే సగమే లాభం. అన్నం, పప్పు ఆ నీళ్లన్నీ పీల్చుకుంటాయి.

ట్యూబు మీద ఏం చూడాలి

మన నిబంధనల ప్రకారం పేస్టులో ఫ్లోరైడ్ 1000 పిపిఎం మించకూడదు. ఎంత ఉందో, గడువు తేదీ ఎప్పుడో ట్యూబు మీదా అట్టపెట్టె మీదా వేయాలి. గడువు తేదీ ఊరికే వేయించలేదు. పేస్టు పాతబడుతుంటే అందులోని ఫ్లోరైడ్ కొంత మిగతా పదార్థాలతో కలిసిపోయి పంటికి అందకుండా పోతుంది. సుద్దపొడి ఆధారంగా చేసిన పేస్టుల్లో ఇది ఎక్కువ. అందుకే వాటిలో నేరుగా సోడియం ఫ్లోరైడ్ కాకుండా సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ వేస్తారు. కొనేటప్పుడు మనం చూడాల్సింది ఈ పేరు, పిపిఎం అంకె, తేదీ. ట్యూబు చివర ఉండే పచ్చ, నల్ల గీతకు ఏ అర్థమూ లేదు, అది ప్యాకింగ్ యంత్రం కోసం వేసిన గుర్తు.

మూలికల పేస్టుల్లో చాలావాటిలో ఫ్లోరైడ్ ఉండదు. లవంగం, వేప ఉన్నంత మాత్రాన పుచ్చు ఆగదు. ఎర్ర పళ్లపొడి, బొగ్గు, ఇటుకపొడి, ఉప్పు కలిపి వేలితో రుద్దడం పళ్లను తెల్లబరుస్తున్నట్టు అనిపించడానికి కారణం, పైపొర గీసుకుపోవడమే. వేప పందుంపుల్లకు మేము విరోధులం కాము. చివర బాగా నమిలి కుంచెలా చేసుకుని మెల్లిగా తోమితే పాచి పోతుంది. కాకపోతే దవడ పళ్ల లోపలి వైపు అది చేరదు. రాత్రి బ్రష్, పేస్టు దానికి తోడు ఉండాలి.

తోమడం, ఉమ్మడం

మూడేళ్లలోపు బియ్యపు గింజంత. మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. పెద్దవాళ్లకు కూడా బఠాణీ గింజకు కాస్త ఎక్కువైతే చాలు, నురగ ఎక్కువొస్తే ఎక్కువ శుభ్రమైనట్టు కాదు. పిల్లల పేస్టు పిండాల్సింది పెద్దవాళ్లే. ఏడెనిమిదేళ్ల దాకా తోమాల్సిందీ వాళ్లే. పాప వెనక నిలబడి, తల మీ పొట్టకు ఆనించి, ఒక వేలితో పెదవి పైకెత్తితే చిగురు అంచు స్పష్టంగా కనిపిస్తుంది. ఎదురుగా నిలబడి తోమితే పై దవడ పళ్లు ఎప్పటికీ కనబడవు.

బ్రష్ మెత్తటిది కావాలి. కుంచెలను చిగురు, పన్ను కలిసే అంచు వైపు 45 డిగ్రీలు వాల్చి, రెండేసి పళ్ల దగ్గర ఆగి చిన్నచిన్నగా కదిలించాలి. మొత్తం రెండు నిమిషాలు. ఎక్కువమంది వదిలేసే చోటు కింది దవడ పళ్ల నాలుక వైపు. కుడిచేతి వాటం వాళ్లకు కుడివైపు కోరపళ్లు కూడా అరకొరగానే శుభ్రమవుతాయి. బ్రష్ కుంచెలు మూడు నెలల్లోపే విచ్చుకుపోతున్నాయంటే మీరు బలంగా రాస్తున్నారన్నమాట. అలా రాస్తే చిగుళ్లు దిగి, పంటి మొదట్లో గాడి పడుతుంది, చల్లటి నీళ్లు జివ్వుమంటాయి. చిగుళ్ల నుంచి రక్తం వస్తే మాత్రం ఆ చోట తోమడం ఆపకూడదు. రక్తం వచ్చేది అక్కడ పాచి నిలిచిపోయినందుకే. వారం పది రోజులు శ్రద్ధగా తోమినా తగ్గకపోతే లోపల పాచి గట్టిపడి ఉంటుంది, క్లీనింగ్ చేయించాలి. చిగుళ్ల జబ్బును ఫ్లోరైడ్ నయం చేయదు.

తోమాక మనం చేసే పెద్ద పొరపాటు చెంబెడు నీళ్లతో గలగలా పుక్కిలించడం. డబ్బు పెట్టి కొన్న ఫ్లోరైడ్ అంతా సింకులో పోతుంది. నురగ బాగా ఉమ్మేసి ఊరుకోవాలి. మొదట్లో నోరు మంటగా అనిపిస్తే గుక్కెడు నీళ్లతో ఒక్కసారి కడుక్కుంటే చాలు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి రోజులో ఒక్కపూటే తోమే ఓపిక ఉందనుకుంటే అది రాత్రి పూటే. రాత్రి తోమాక పాలు కూడా తాగకూడదు. చక్కెర పాల సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల పై ముందు పళ్లు రెండేళ్లకే పుచ్చుతాయి. నిమ్మరసం, సోడాలాంటి పుల్లటివి తాగిన వెంటనే తోమితే మెత్తబడిన ఎనామిల్ అరుగుతుంది. అరగంట ఆగాలి.

ఆరేళ్లకు పాలపళ్లన్నిటికీ వెనక, ఏ పన్నూ ఊడకుండానే ఒక శాశ్వత దవడ పన్ను వస్తుంది. దాన్ని పాలపన్ను అనుకుని వదిలేసే ఇళ్లు చాలా. దాని మీద లోతైన గాడులుంటాయి, బ్రష్ కుంచె వాటిలో దూరదు. పూర్తిగా పైకి రాగానే గాడులను సీలెంట్‌తో మూయించడం మంచిది. పుచ్చు ముప్పు ఎక్కువున్న పిల్లలకు మూడు నుంచి ఆరు నెలలకోసారి ఫ్లోరైడ్ వార్నిష్ కూడా పూస్తారు. అందులో 22,600 పిపిఎం ఉంటుందని విని భయపడతారు గానీ, చిన్నపిల్లలకు పూసేది పావు మిల్లీలీటరే. అది పంటికి అంటుకుని మెల్లగా వదులుతుంది. పూసిన రోజు గట్టివి, వేడివి పెట్టకుండా, ఆ రాత్రి తోమకుండా ఉంటే చాలు.

ఆ మచ్చ ఏమిటి?

తెల్లమచ్చ కనబడగానే అన్నీ ఫ్లోరోసిస్ కావు. ఫ్లోరోసిస్ చారలు కుడి ఎడమల్లో జతగా, ఒకే ఎత్తులో అడ్డంగా ఉంటాయి. పుచ్చు తొలిదశ మచ్చ చిగురు అంచున, పాచి నిలిచే చోట, ఏదో ఒకటి రెండు పళ్లకు గరుకుగా, సుద్దలా ఉంటుంది. పన్ను ఆరబెడితే ఇంకా స్పష్టమవుతుంది. ఈ రెండోదాన్ని ఫ్లోరైడ్ పేస్టు, వార్నిష్‌తో ఆపొచ్చు, గుంట పడకముందే పట్టుకుంటే సిమెంటు పెట్టించే అవసరం కూడా రాదు.

ఫ్లోరోసిస్ గోధుమరంగు క్లీనింగ్‌తో పోదు. రంగు లోపల ఇంకి ఉంటుంది. నిమ్మచెక్క, వంటసోడా రుద్దితే పోతుందని చూపించే వీడియోలను నమ్మితే ఉన్న ఎనామిల్ కూడా పలచబడుతుంది. పైపై మచ్చలకు మైక్రోఅబ్రేషన్ చేస్తారు: చిగుళ్లకు రబ్బరు షీటు తొడిగి, పలుచటి ఆమ్లం, ప్యూమిస్ పొడి కలిపిన ముద్దతో మిల్లీమీటరులో పదో వంతు మందం మాత్రమే తీసి, తర్వాత ఫ్లోరైడ్ పూస్తారు. మరకను బట్టి బ్లీచింగ్ తోడవుతుంది. గుంటలు పడ్డ పళ్లకైతే కాంపోజిట్ (పంటి రంగు సిమెంటు) పూతో, వెనీరో (పంటి ముందు అతికించే పలుచటి తొడుగు) తప్పదు. పెళ్లి కుదిరాక పది రోజుల ముందు వచ్చి అడిగితే తొందరలో ఎక్కువ పన్ను అరగదీయాల్సి వస్తుంది. రెండు మూడు నెలల ముందు వస్తే తక్కువ అరుగుదలతో పని జరుగుతుంది.

ఇంట్లో పేస్టు ట్యూబు మందుల పెట్టె ఎత్తులోనే ఉండాలి. 100 గ్రాముల ట్యూబులో 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు చేరితే విషప్రభావానికి ఆస్పత్రి వైద్యం తప్పనిసరి. అంటే పది కిలోల పాప సగం ట్యూబు తినేస్తే ఆ గీత దగ్గరికి వచ్చినట్టు. అలా జరిగితే వాంతి చేయించకండి. పాప స్పృహలో ఉంటే పాలు తాగించండి, అందులోని కాల్షియం ఫ్లోరైడ్‌ను కొంత పట్టి ఉంచుతుంది. ఆ వెంటనే ట్యూబును కూడా వెంట తీసుకుని ఆస్పత్రికి వెళ్లండి. ఎంత మిగిలిందో, ఎన్ని పిపిఎమ్మో ట్యూబు చూస్తేనే అక్కడి డాక్టరు లెక్క వేయగలుగుతారు.